మామయ్య మిలిట్రీ కోటు మీది మరక

మొన్నామధ్య మా మందిరం పాస్టరుగారు ఇంటికి వచ్చి, ఊళ్లో పాత పెద్దలు వాడిన వస్తువులు కొన్ని ఒకచోట పెట్టి పిల్లలకు చూపించాలనుకుంటున్నామనీ, మీ మామయ్యగారి మిలిట్రీ కోటు ఇంకా ఉంటే ఇవ్వమనీ అడిగారు. ట్రంకుపెట్టె అడుగున ఎండు వేపాకుల మధ్య ఇన్నేళ్లూ పడుకున్న ఆ కోటును పైకి తీస్తే పాత ఉన్ని వాసన, బూజు వాసన కలిసి గదంతా నిండింది. మా అమ్మాయి దాన్ని ఖమ్మంలో బస్టాండు వెనక ఉన్న డ్రైక్లీనింగ్ షాపుకు తీసుకువెళ్తూ నన్నూ వెంటబెట్టుకుపోయింది. షాపతను కోటును బల్లమీద పరిచి, అటూ ఇటూ తిప్పి, లోపలి లైనింగు మీద అరచేయంత గోధుమరంగు మచ్చ దగ్గర ఆగి, "ఏందమ్మా ఈ మరక? రక్తం లెక్కనే ఉంది?" అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. నేను మాత్రం చటుక్కున వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాను. అక్కడ ఒక ఆటో, చెరుకురసం బండి తప్ప ఏమీ లేవు. దుమ్ము దులిపి, బూజు వాసన పోగొట్టి, ఆ మరక జోలికి మాత్రం పోవద్దని చెప్పి బయటికి వచ్చేశాను. రోడ్డు మీద ఎవరి కోసం చూశావమ్మా అని మా అమ్మాయి నవ్వింది. దానికి చెప్పాలంటే చాలా దూరం వెనక్కి వెళ్లాలి. ఆ రోజుల్లో ఆ అడవి అంచున కాపురాలు చేసిన నా ఈడువాళ్లకైతే ఎవరి కోసం చూశానో వేరే చెప్పనక్కర్లేదు.

మా పుట్టినిల్లు వేంసూరు దగ్గర. మా అమ్మ ఒక మిషన్ దవాఖానాలో దుప్పట్లు, డాక్టర్ల కోట్లు ఉతికే చోట పనిచేసేది, నేను ఆ సబ్బు వాసనలో, ఆ ఆవిరిలో పెరిగాను. ఏ మరకకు ఏం వాడాలో, దేన్ని రుద్దాలో, దేన్ని రుద్దకూడదో నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. పెళ్లయి వచ్చింది పెనుబల్లి దాటి ఇంకా లోపలికి, మొక్కజొన్న చేలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉన్న ఊరికి. మా ఆయన కొత్తగూడెం వైపు బొగ్గుబావిలో పనిచేస్తూ వారానికోసారి సెలవు రోజున వచ్చి పోయేవారు. మిగతా రోజులన్నీ ఇంట్లో అత్తమ్మ, మామయ్య, నేను.

మామయ్య మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో మిలిట్రీలో చేరి, పెద్ద యుద్ధంలో బర్మా దాకా వెళ్లి వచ్చిన మనిషి. యుద్ధం గురించి అడిగితే అక్కడి వానల గురించి, బరువులు మోసిన కంచరగాడిదల గురించి చెప్పేవారే గాని తుపాకుల గురించి ఒక్క మాట చెప్పేవారు కాదు. ఊరంతా ఆయన్ను మిలిట్రీ పెద్దయ్య అనేది. అక్కడి నుంచి ఆయన తెచ్చుకున్న ఆస్తి ఆ కోటే. ఆకుపచ్చా కాదు ఖాకీ కాదు అన్నట్టుండే దళసరి ఉన్ని, ఇత్తడి గుండీలు, మోకాళ్ల కింది దాకా పొడవు. జేబు దగ్గర లారీ గ్రీజు మరక, గుండీల చుట్టూ చిలుము, చేతి అంచు మీద ఎప్పటిదో టీ మరక. కొత్తకోడలిగా ఆ ఇంట్లో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే కాబట్టి దాన్ని శ్రద్ధగా పట్టుకున్నాను. గ్రీజు మీద సుద్దపొడి అద్ది, బరువు పెట్టి, మర్నాడు దులిపి, మళ్లీ అద్దేదాన్ని. గుండీలు విప్పి చింతపండుతో తోమి మళ్లీ కుట్టేదాన్ని. ఉన్నిని పిండకూడదు, ఎండలో వేయకూడదు, తడిసిన కోటును తగిలిస్తే దాని బరువుకే అది సాగిపోతుంది కాబట్టి మంచం మీద పరచాలి. మామయ్య వాకిట్లో కూర్చుని ఇదంతా చూస్తూ, "మా హవల్దారు కన్న నువ్వే నయం బిడ్డా" అని నవ్వేవారు. పుట్టింటి మీద బెంగ నాకు ఆ నవ్వుతోనే సగం తగ్గింది.

అత్తమ్మకు మాత్రం ఆ కోటంటే భయం. దాని రంగే ఆమెకు భయం. ఆ రోజులు అటువంటివి. పగలు జీపుల్లో వచ్చేవాళ్లు కొందరు, పొద్దుగూకాక అడవిలోంచి నడిచి వచ్చేవాళ్లు కొందరు, ఇద్దరూ తాగడానికి నీళ్లే అడిగేవారు. వీళ్లకు ఇచ్చామని వాళ్లు, వాళ్లకు ఇచ్చామని వీళ్లు ఎప్పుడు వచ్చి అడుగుతారో తెలియదు. మంచినీళ్ల కుండ కూడా వాకిట్లో కాకుండా లోపల పెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. అడవిలోవాళ్లు తొడుక్కునే రంగని, ఆకుపచ్చ చొక్కా గుడ్డ తెచ్చుకున్న వాళ్లు దాన్ని కుట్టించుకోవడం మానేసి చింపి మసిగుడ్డలు చేసుకున్నారు. అత్తమ్మ చెవులు ఎంత పదునెక్కాయంటే, మాకెవరికీ ఏమీ వినపడకముందే చేతిలో పని ఆపి, వచ్చేది బస్సో, లారీయో, జీపో చెప్పేసేది. జీపు అయితే నోటితో చెప్పదు. లేచి తలుపు దగ్గరికి వేసేది. నేను వంటింట్లోంచి ఆ తలుపు చప్పుడు వినే గుండె పట్టుకునేదాన్ని.

క్రిస్మస్ అయిపోయి, చలి ఇంకా తగ్గని రోజులవి. పొద్దున్నే మంచులో మామయ్య కోటు తొడుక్కుని అడవంచున ఉన్న చేను చూడడానికి వెళ్లారు. అక్కడ రేగుపొదల వైపు నుంచి ఒక ఆడమనిషి కేక వినపడి పరుగెత్తారట. మా ఇంటికి చీపుళ్లు, తేనె తెచ్చి బియ్యం, ఉప్పు పట్టుకుపోయే కోయ అక్క ఒకామె ఉండేది. నన్ను చెల్లీ అని పిలిచేది, నా తల దువ్వి తీరికగా కూర్చుని కబుర్లు చెప్పేది. చీపురుగడ్డి కోయడానికి వచ్చిన ఆ అక్క మీద ఎలుగుబంటి పడి ఉంది. మామయ్య చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. ఆయన అరుస్తూ దగ్గరికి పోయి, కోటు విప్పి దాని తల మీదికి విసిరారట. కళ్లకు ఏమీ కనపడక అది కోటుతోనే పెనుగులాడి, గోళ్లతో చీరి, చివరికి విదిలించుకుని పొదల్లోకి పోయింది. అదే కోటులో అక్కను చుట్టి, రోడ్డు దాకా మోసుకొచ్చి, వెదురు లారీ ఒకటి ఆపి, ఆమెను దవాఖానాలో చేర్చి, మధ్యాహ్నం బస్సుకు ఇంటికి వచ్చారు. ఒంటి మీద బనీను మాత్రమే ఉంది. చంకలో కోటు మూట. "బతుకుతదంట" అని ఆ ఒక్క మాట చెప్పి, నులకమంచం మీద కూలబడ్డారు.

మేము ఆ మాటకు దేవుణ్ణి తలుచుకునే లోపలే పక్కింటామె గోడ మీదుగా ఇంకో మాట చెప్పింది. తెల్లవారుజామున లోపల అడవిలో కాల్పులు జరిగాయట. గాయపడిన వాడొకడు తప్పించుకుని ఊళ్ల వైపు వచ్చాడని పోలీసులు ఇల్లిల్లూ వెతుకుతున్నారట. అత్తమ్మ మూట వైపు చూసింది. ఉన్ని మీద నెత్తురు నల్లగా గడ్డకట్టి ఉంది.

"కాలవెట్టుండ్రి దాన్ని. ఇంట్ల దొరికితే మనందర్నీ తీస్కవోతరు" అంది అత్తమ్మ.

"ఎందుకు కాలవెట్టాలె? మనం ఏం తప్పు చేసినం?" అన్నారు మామయ్య.

వాళ్లిద్దరి మధ్యా నిలబడి నేను, ఉన్ని కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన ఊరంతా పాకుతుందనీ, నేను ఉతుకుతాననీ అన్నాను. ధైర్యం ఉండి అన్న మాట కాదది. చేతులకు ఏదో ఒక పని ఉంటే వణకవని అన్నాను.

పెరట్లో గిన్నెలు తోమే జాలారు దగ్గర తడకలు అడ్డం పెట్టి కూర్చున్నాం. అత్తమ్మ గాబరాగా నీళ్లు కాచబోతే ఆపాను. నెత్తురు మరక మీద వేడినీళ్లు పోస్తే అది ఉడికి గుడ్డలో పట్టేసుకుంటుంది, చన్నీళ్లే పోయాలి. పెద్ద గంగాళంలో చన్నీళ్లు పోసి, రాళ్లుప్పు కలిపి, కోటును మెల్లగా ముంచాను. నీళ్లు చూస్తుండగానే ఎర్రబడ్డాయి. ఆ నీళ్లు ఎక్కడ పోయాలన్నది ఇంకో భయం. మోరీలో పోస్తే వీధిలోకి పారతాయి. అరటి బోదెల మొదట్లో పోసి, పైన బూడిద చల్లి, మళ్లీ నీళ్లు తోడాం. కుంకుడురసం నురగ తీసి మరక మీద వేసి, అరచేత్తో అద్దడం, వదలడం, అద్దడం, వదలడం. రుద్దితే ఉన్ని ముద్ద కడుతుంది. లోపల ఎంత తొందర ఉన్నా చేతులు మాత్రం తొందరపడకూడదు. ఆ పూట నన్ను అన్నిటికంటే ఎక్కువ హింస పెట్టింది అదే. చిరుగుల్లో ఇరుక్కున్న మొరటు నల్ల వెంట్రుకలు వేళ్లకు తగిలితే ఒక్కొక్కటే ఏరి బూడిదలో కలిపేశాను. అక్క ముఖం ఎలా ఉందో మామయ్య చెప్పలేదు, నేను అడగలేదు. ఆ నీళ్లలో చేతులు పెట్టాక అడగాల్సిన పని లేకపోయింది.

పైన ఉన్ని చాలావరకు తేటపడింది. లోపల లైనింగు మాత్రం మొండికేసింది. కోటును మంచం మీద పరిచి, లైనింగు ఇంకోసారి నానబెట్టడానికి నీళ్లు తోడదామని లేస్తుంటే అత్తమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. ఆమె లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

ఎస్సై చిన్నవాడు, మా ఆయన కంటే చిన్నవాడేమో. చూస్తే దుర్మార్గుడిలా లేడు. అతనికీ భయంగానే ఉన్నట్టుంది, నడుం దగ్గరి తుపాకీ మీది నుంచి చెయ్యి తియ్యకుండా మా ఇల్లంతా తిరిగాడు. పెరట్లో మంచం మీద నీళ్లోడుతున్న కోటును చూశాడు. లైనింగు తిప్పాడు. మామయ్య ముందుకు వచ్చి, జరిగింది జరిగినట్టు, దవాఖానా పేరుతో సహా చెప్పి, గోళ్లకు చిరిగిన చోటు చూపించారు.

"కత్తితోని చింపినా గిట్లనే ఉంటది" అన్నాడతను. తర్వాత నా చేతుల వైపు, ఉప్పుకు తెల్లగా నానిపోయిన నా వేళ్ల వైపు చూసి, "నువ్ చెప్పేది నిజమే అయితే గింత జల్దీ ఎందుకు కడుగుతున్నరు మరి?" అన్నాడు.

ఆ ప్రశ్నకు మా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, మీరంటే భయమై కడిగాం అని. అది ఎవరమూ అనలేకపోయాం. కోటును అలాగే తడితడిగా జీపులో పడేసి, మామయ్యను ఎక్కించుకుని పోయారు. అత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ఆ రాత్రి మా ఇంటికి ఎవరూ రాలేదు. రాని వాళ్ల మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. వస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిన రోజులవి.

మా ఆయనకు చెప్పమని తెల్లవారి మొదటి బస్సు కండక్టరుతో కబురు పంపి, అత్తమ్మను ఠాణా దగ్గర వదిలి, నేను దవాఖానాకు వెళ్లాను. అక్కకు ముఖమంతా కట్లు, ఒక కన్ను మాత్రం కనపడుతోంది. మాట్లాడే వీలు లేదు. ఆమె భర్త మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను విషయం చెప్పాను. ఠాణాకు వచ్చి సాక్ష్యం చెప్పమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. అడవిలో గూడెంలో ఉండే మనిషి ఆ రోజుల్లో ఠాణా గడప తొక్కడమంటే ఏమిటో నాకు తెలుసు. అతను కోయ మాటల్లో అక్కతో ఏదో చెప్పాడు. అక్క చెయ్యి వచ్చి అతని చొక్కా అంచు పట్టుకుంది. గట్టిగా, వేళ్లు తెల్లబడేటట్టు పట్టుకుంది. చాలాసేపటికి తనే వదిలింది.

"పెద్దయ్య నా ఇంటిదాన్ని మోసుకొచ్చిండు. నేను రాకుంటే ఎట్ల?" అన్నాడతను లేస్తూ. బస్సులో సీటున్నా కూర్చోలేదు, ఠాణా వచ్చేదాకా తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. అతని వీపు చూస్తూ కూర్చున్న నాకు ఆ దారి ఎప్పటికీ తెగదేమో అనిపించింది.

అతను లోపలికి వెళ్లిన కాసేపటికి మామయ్యను వదిలారు. కోటు ఆయన చేతిలో పెట్టి పొమ్మన్నారు. అత్తమ్మ ఏడుస్తూ ఆయన చెయ్యి పట్టుకుని హోటలు దాకా నడిపించుకొచ్చింది. టీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లిన మామయ్య ఆగి, అతనేడి అని అడిగారు. నేను వెనక్కి తిరిగి ఠాణా వైపు చూశాను. అతను బయటికి రాలేదు. మా మనిషిని వదిలి అతన్ని ఉంచుకున్నారు.

మామయ్య గ్లాసు కింద పెట్టి, ఆ తడి కోటు తొడుక్కుని, ఠాణా ఎదురుగా రోడ్డవతల కల్వర్టు గోడ మీద పోయి కూర్చున్నారు. ఎంత బతిమాలినా లేవలేదు. మర్నాడూ వెళ్లారు, ఆ మర్నాడూ వెళ్లారు. పొద్దున మొదటి బస్సుకు పోవడం, సాయంత్రం ఆఖరు బస్సుకు రావడం. అరవడం లేదు, ఎవర్నీ ఏమీ అడగడం లేదు. గుండీలన్నీ పెట్టుకుని నిటారుగా కూర్చునేవారు. చిరుగులు కుడతాననీ, లైనింగు మరక పూర్తిగా పోగొడతాననీ నేను కోటు అడిగితే, "ఇప్పుడు ఉతకొద్దు బిడ్డా. ఉండనియ్. వాళ్లు సూడాలె" అన్నారు. మధ్యాహ్నం ఎండ ఎక్కాక గుండీలు విప్పి, లైనింగు బయటికి కనపడేటట్టు ఒళ్లో పరుచుకునేవారు. ఆ మరక అలా ఎండి, ముదిరి, మరింక దేనికీ లొంగనిదైపోయింది.

మా ఆయన కబురందగానే సెలవు పెట్టి వచ్చి, తండ్రి పక్కన నిలబడ్డారు. నేను భయపడింది అత్తమ్మ గురించి. ఆమె అన్నం మానేసింది, నిద్ర మానేసింది. ఒకరోజు మామయ్యకు సద్ది పట్టుకుని వెళ్లిన మనిషి ఎంతకీ తిరిగి రాలేదు. ఏమైందోనని నేను పరుగున పోతే, జీపు చప్పుడుకే తలుపులు వేసుకునే ఆ మనిషి, జీపులు నిలిపి ఉన్న ఠాణాకు ఎదురుగా, కొంగు తల మీద కప్పుకుని భర్త పక్కన గోడ మీద కూర్చుని ఉంది. జీపు కదిలినప్పుడల్లా కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. లేవలేదు. నేనూ పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరంలోని ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు మమ్మల్ని చూసి దూరంగా నిలబడ్డారు. కాసేపటికి వాళ్లలో ఒకామె వచ్చి మా పక్కన కూర్చుంది, మిగతావాళ్లు ఆమె వెనక.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అక్క భర్తను వదిలేశారు. ఎందుకు పట్టుకున్నారో చెప్పనట్టే ఎందుకు వదిలారో కూడా ఎవరూ చెప్పలేదు. మెట్లు ఒక్కొక్కటే దిగుతూ, ఒక కాలు ఈడ్చుకుంటూ బయటికి వచ్చాడు. మామయ్య రోడ్డు దాటి వెళ్లి, కోటు విప్పి అతని భుజాల మీద కప్పి, భుజం కింద చెయ్యి వేసి నడిపించారు. బస్సు వచ్చేదాకా మేమందరం అలా నిలబడే ఉన్నాం.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. కట్లు విప్పాక అక్క, ఒక కన్ను పోయినా, కోలుకుని ఇంటికి వెళ్లింది. కానీ ఠాణాలో అన్ని రోజులుండి ప్రాణాలతో బయటికి వచ్చిన మనిషిని అడవిలోని వాళ్లు అనుమానించడం మొదలుపెట్టారు. లోపల ఏం చెప్పి బయటపడ్డావని అడగడానికి వాళ్లూ వస్తారని గూడెంలో అనుకున్నారు. ఒకరోజు పొద్దున ఇద్దరూ మా ఇంటికి వచ్చి, కోటు మామయ్యకు అప్పజెప్పి, గోదావరి దాటి బంధువుల దగ్గరికి పోతున్నామని చెప్పారు. అక్క నా తల నిమిరింది, ముఖం మాత్రం కొంగుతో కప్పుకునే ఉంది. ఆ తర్వాత వాళ్లను మేమెప్పుడూ చూడలేదు. భద్రాచలం వెళ్లి వచ్చిన ప్రతివాళ్లనూ మామయ్య చనిపోయేదాకా అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ ఊళ్లకు తారురోడ్లు పడ్డాయి, రాత్రి కూడా బస్సులు నడుస్తాయి, పిల్లలు అడవిలోకి ఫోటోలు తీసుకోవడానికి పోతున్నారు. మంచినీళ్ల కుండలు మళ్లీ వాకిళ్లలోకి వచ్చాయి. మంచిదే, ఇంతకన్నా మేము కోరుకున్నది లేదు. మొన్న సంవత్సరం చుట్టాల పెళ్లికి భద్రాచలం వెళ్తుంటే దారిలో చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. అందరూ దిగి టీ తాగుతున్నారు. నేను మెట్టు దిగలేక తడబడుతుంటే, తుపాకీ భుజాన వేసుకున్న ఒక కానిస్టేబుల్ పిల్లవాడు చెయ్యి అందించి, "మెల్లగ దిగు అమ్మమ్మా, నేనున్న" అన్నాడు. నా మనవడి వయసుంటుంది, ముఖంలో ఎక్కడా కరుకుదనం లేదు. అతని చేతిలో నా చెయ్యి గజగజ వణికిపోయింది. ముసలితనం అనుకున్నాడు పాపం, ఇంకో చెయ్యి కూడా ఆసరా పట్టాడు. నేను కాదనలేదు.